హైవే 1 మీద ఆర్వీలో: నచ్చిన చోటల్లా ఆగుతూ వెళ్లడం ఎలా?

మే నెల వచ్చిందంటే చాలు, కాలిఫోర్నియా బే ఏరియాలో మనవాళ్లు నన్ను అడిగేది ఒకటే. “ఇండియా నుంచి అమ్మావాళ్లు వచ్చారు. ఆర్వీ అద్దెకు తీసుకుని సముద్రం పక్కనే హైవే 1 మీద వెళ్దామనుకుంటున్నాం. ఇన్నింటికల్లా ఫలానా చోట ఉండాలనే హడావుడి వద్దు, ఎక్కడ బాగుంటే అక్కడ ఆగుతాం. ఎలా వెళ్లాలి?” ఆర్వీ అంటే మంచాలు, వంటగది, టాయిలెట్ అన్నీ లోపలే ఉండే ఇంటి బండి. ఇన్నాళ్లూ ఒక్కొక్కరికీ ఫోన్లో చెబుతూ వచ్చాను. చెప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే ఈసారి మొత్తం రాసి పెడుతున్నాను.

అన్నిటికంటే ముందు ఒక్క విషయం. ఈ దారిలో ఎక్కడ బాగుంటే అక్కడ ఆగొచ్చు. ఎక్కడ బాగుంటే అక్కడ పడుకోవడం మాత్రం కుదరదు. మేం మొదటిసారి ఈ తేడా తెలియక ఏ బుకింగూ లేకుండా బయల్దేరాం. సముద్రం పక్క కొండల్లో ఉండే బిగ్ సర్‌లో చీకటి పడింది. రాత్రికి బండి పెట్టుకుని ఉండే క్యాంప్‌గ్రౌండ్ల ముందు ‘నిండిపోయింది’ బోర్డులు. రోడ్డు పక్కన కాస్త ఖాళీ జాగా కనిపిస్తే, రాత్రి ఉండకూడదని అక్కడో బోర్డు. ఇక తప్పక ఒక చోట ఆపి పడుకుంటే, పదకొండింటికి తలుపు కొట్టి లేపి పంపించేశారు. ఆ చీకట్లో, ఆ మలుపుల్లో, ఒక పక్క కొండ, మరో పక్క కిందెక్కడో సముద్రం హోరు. వెనక అత్తయ్య రెండు చేతులతో బల్ల పట్టుకుని, నోట మాట లేకుండా కూర్చుంది. రెండు గంటలు అలాగే నడిపాను. అప్పటి నుంచి మా ఇంట్లో పద్ధతి ఇదే: పగలు ఎక్కడెక్కడ ఆగుతామో అసలు అనుకోం, రాత్రి ఎక్కడ పడుకుంటామో మాత్రం ముందే ఖాయం చేసుకుంటాం. కింద రాసిందంతా ఆ పద్ధతి కుదరడం కోసమే.

దారి, రోజులు

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పే దారి హాఫ్ మూన్ బే నుంచి పిస్మో బీచ్ దాకా. శాంటా క్రూజ్, మాంటెరీ, బిగ్ సర్, శాన్ సిమియోన్, మోరో బే మీదుగా సుమారు 250 మైళ్లు. అయిదు రాత్రులు పెట్టుకోండి. తిరుగు ప్రయాణం హైవే 101 మీద, ఒక్క పూటలో అయిపోతుంది.

“250 మైళ్లకు అయిదు రోజులా?” అని అందరూ అడుగుతారు. అవును, అయిదు రోజులే. రోజుకు 50 మైళ్లే నడపాలనుకుంటే, మధ్యలో పావుగంట అనుకుని ఆగిన చోట మూడు గంటలు కూర్చున్నా కంగారు ఉండదు. రోజుకు 150 మైళ్లు పెట్టుకున్నారా, ఇక ఎక్కడా ఆగరు. కిటికీలోంచి చూసి “అబ్బ, బాగుంది” అనుకుంటూ వెళ్లిపోతారు.

ఉత్తరం నుంచి దక్షిణానికే వెళ్లండి. అలా వెళితే సముద్రం మీ కుడి చేతి పక్కన ఉంటుంది, ఆగే జాగాలు కూడా కుడి పక్కనే వస్తాయి. ఎదురుగా వచ్చే బండ్లను దాటి ఎడమకు తిరగాల్సిన అవసరం రాదు. ఆర్వీ లాంటి పొడుగు బండికి ఇది చిన్న విషయం కాదు.

కావలసినవి

- 25 అడుగులు లేదా అంతకంటే చిన్న క్లాస్ సి ఆర్వీ. ముందు వ్యాన్ ముఖం, డ్రైవర్ నెత్తి మీద మంచం ఉండే రకం. కాలిఫోర్నియాలో 40 అడుగుల దాకా మామూలు లైసెన్స్ చాలు. కానీ ఈ దారికి 25 దాటితే మీకే కష్టం.
- పారేసే చేతి తొడుగులు ఒక డబ్బా, ఆర్వీ టాయిలెట్ పేపర్, టాయిలెట్ ట్యాంకులో వేసే మందు.
- మంచినీళ్ల గొట్టం, మురుగు గొట్టం. అద్దె బండితో ఇస్తారు. ఇచ్చారో లేదో, చిరుగులేమైనా ఉన్నాయో చూసుకోండి.
- చక్రాల కింద పెట్టే ప్లాస్టిక్ దిమ్మెలు, చక్రం కదలకుండా అడ్డు పెట్టే చెక్కలు, మంచి టార్చిలైటు.
- గ్యాస్ పొయ్యి మీద పెట్టే ప్రెషర్ కుక్కర్. కరెంటు కుక్కర్ ఇంట్లోనే ఉంచండి, ఎందుకో తర్వాత చెబుతాను.
- స్వెటర్లు, మంకీ క్యాపులు. జూలై అయినా సరే. వేసవిలో ఈ తీరమంతా పొద్దున్నే పొగమంచు. పెద్దవాళ్లు చలికి వణికిపోతారు.
- వాంతుల మాత్రలు, అల్లం మురబ్బా. మలుపులు మొదలవడానికి అరగంట ముందే వేసుకోవాలి, మొదలయ్యాక కాదు.
- మ్యాపులు ఫోన్లో డౌన్‌లోడ్ చేసుకోండి, ఒక కాగితం మ్యాపు కూడా పెట్టుకోండి. బిగ్ సర్‌లో చాలా దూరం సిగ్నల్ ఉండదు.

ఇక పని మొదలు

1. ముందు రాత్రులు బుక్ చేసుకోండి.

స్టేట్ పార్క్ క్యాంప్‌గ్రౌండ్లు రిజర్వ్ కాలిఫోర్నియా వెబ్‌సైటులో సరిగ్గా ఆరు నెలల ముందు, పొద్దున 8 గంటలకు తెరుచుకుంటాయి. సముద్రం పక్క సైట్లు, అంటే బండి పెట్టుకునే చోట్లు, నిమిషాల్లో పోతాయి. మా వరుస ఇది: మొదటి రాత్రి హాఫ్ మూన్ బే స్టేట్ బీచ్, రెండోది కాపిటోలా దగ్గర న్యూ బ్రైటన్, మూడోది మాంటెరీ పక్కన కొండ మీద లగూనా సెకా, నాలుగోది శాన్ సిమియోన్, అయిదోది పిస్మో నార్త్ బీచ్. లగూనా సెకా స్టేట్ పార్క్ కాదు, కౌంటీది. దాని బుకింగ్ వేరు. అక్కడే రేస్ ట్రాక్ కూడా ఉంది కాబట్టి రేసులున్న తేదీలు చూసుకుని, అవి తప్పించండి.

బుక్ చేసేటప్పుడు ఒక్కో సైటుకు పొడవు పరిమితి రాసి ఉంటుంది. మీ బండి పొడవు దానికంటే తక్కువే ఉండాలి.

ఆరు నెలల ముందు చూసుకోలేదా? ఆదివారం నుంచి గురువారం దాకా ఉండే రాత్రులు వెతకండి. ప్రయాణానికి వారం పది రోజుల ముందు చాలామంది రద్దు చేసుకుంటారు, రోజూ పొద్దునా సాయంత్రం ఒకసారి వెబ్‌సైటు చూస్తూ ఉండండి. ఏదీ దొరక్కపోతే 101 వైపు కింగ్ సిటీ, పాసో రోబుల్స్ దగ్గర ప్రైవేటు ఆర్వీ పార్కులు ఉంటాయి. అక్కడి నుంచి సముద్రం కనిపించదు. అయినా రాత్రి పడుకోవడానికి సముద్రం ఎందుకు?

2. రోడ్డు తెరిచి ఉందో లేదో చూడండి.

బిగ్ సర్‌లో కొండచరియలు విరిగిపడటం మామూలే. 2017 మే నెలలో మడ్ క్రీక్ దగ్గర కొండ మొత్తం జారి రోడ్డును సముద్రంలోకి తోసేసింది. మళ్లీ రోడ్డు తెరిచేసరికి 2018 జూలై. అందుకే బయల్దేరే వారం ముందు ఒకసారి, ఆ రోజు పొద్దున్న ఇంకోసారి రాష్ట్ర రోడ్ల శాఖ కాల్‌ట్రాన్స్ వాళ్ల ఆన్‌లైన్ రోడ్ల మ్యాపు, క్విక్‌మ్యాప్ చూడండి.

మూసి ఉంటే మార్గం ఇదీ: మాంటెరీ నుంచి 68 మీద సాలినాస్, అక్కడి నుంచి 101 మీద పాసో రోబుల్స్ దాకా, తర్వాత 46 పడమర పట్టుకుంటే కేంబ్రియా దగ్గర మళ్లీ సముద్రం. 46 చివర దిగుడు ఎక్కువ, గేరు తగ్గించి దిగండి. మధ్యలో నాసిమియెంటో-ఫెర్గుసన్ అనే అడ్డదారిని జీపీఎస్ చూపిస్తుంది. ఆర్వీతో దాని జోలికి వెళ్లొద్దు. ఇరుకు, నిటారు, వెనక్కి తిప్పుకునే చోటు ఉండదు.

3. బండి తీసుకునేటప్పుడు గంట సమయం పెట్టండి.

అద్దె ఇచ్చేవాళ్లు పది నిమిషాల్లో అన్నీ గబగబా చెప్పేస్తారు. మీరు తల ఊపుతారు, రాత్రికి ఒక్కటీ గుర్తుండదు. చెబుతున్నంతసేపూ ఫోన్లో వీడియో తీయండి. నీళ్ల పంపు, గీజర్, పొయ్యి, ఫ్రిజ్, జనరేటర్, ట్యాంకుల మీటరు, అన్నీ అక్కడే మీ చేత్తో వేసి చూడండి. పొయ్యి వెలిగిందా, కుళాయిలో వేడి నీళ్లు వచ్చాయా, టైర్లు బాగున్నాయా. బయల్దేరేలోపు బండి మీద ఉన్న గీతలన్నీ ఫొటో తీసుకోండి.

బండి ఎత్తు ఎంతో అడిగి, ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి స్టీరింగ్ ఎదురుగా అతికించండి. క్లాస్ సి బండ్లు సుమారు 12 అడుగుల ఎత్తు ఉంటాయి. కాఫీ కోసం డ్రైవ్ త్రూ లోకి తిప్పేసి పైకప్పు చీల్చుకున్నవాళ్లు ఉన్నారు.

చిన్నపిల్లలుంటే కార్ సీటు ముందుకు చూసే డైనింగ్ సీటుకే బిగించాలి, పక్కకు చూసే సోఫాకు కాదు. 8 ఏళ్ల లోపు పిల్లలకు కార్ సీటో బూస్టరో తప్పనిసరి. బండి కదులుతుంటే ఎవరూ లేచి తిరగకూడదు. ‘ఇల్లు కదా’ అని పెద్దవాళ్లు టీ పెట్టడానికి లేస్తారు. ముందే చెప్పండి.

4. ఖాళీ పార్కింగ్‌లో అరగంట నేర్చుకోండి.

ఆర్వీ నడపడంలో కొత్తది వెడల్పు కాదు, వెనక తోక. వెనక చక్రాల తర్వాత బండి ఇంకా చాలా దూరం ఉంటుంది. మీరు కుడికి తిప్పితే ఆ తోక ఎడమకు ఊగుతుంది. మొదటి రోజే పెట్రోలు బంకులో మా బండి తోక పంపు పక్కన ఉన్న ఇనుప స్తంభాన్ని గీసుకుంది. ముందు వైపు అంతా దాటేశాం కదా అనుకుని స్టీరింగ్ తిప్పాను, అంతే. డిపాజిట్‌లో మంచి మొత్తమే పోయింది.

రెండు ఖాళీ నీళ్ల సీసాలు బండి తోక పక్కన అడుగు దూరంలో నిలబెట్టండి. బాగా తిప్పుతూ ముందుకు పోనివ్వండి. సీసా పడిందా, మళ్లీ చేయండి. పడకుండా మూడుసార్లు తిరిగితే రోడ్డెక్కొచ్చు. వెనక్కి తీసేటప్పుడు ఎవరో ఒకరు దిగి, మీ అద్దంలో కనిపించేలా నిలబడి చేత్తో చూపించాలి. అద్దంలో వాళ్లు కనిపించకపోతే బండి ఆపేయడమే.

శాన్ హోజే నుంచి వచ్చేవాళ్లు మొదటి రోజు 17 మీద శాంటా క్రూజ్ దిగొద్దు. మలుపులు, పక్కనే గోడ, వెనక తోసుకొచ్చే కార్లు. 92 మీద హాఫ్ మూన్ బే చేరండి.

5. వంట సామాను సర్దండి, కరెంటు లెక్క తెలుసుకోండి.

క్యాంప్‌గ్రౌండ్లో కరెంటు కనెక్షన్ ఉంటేనే కుక్కర్, మైక్రోవేవ్, ఏసీ పనిచేస్తాయి. లేకపోతే జనరేటర్ వేయాలి. స్టేట్ పార్కుల్లో జనరేటర్ పొద్దున 10 నుంచి రాత్రి 8 దాకానే వేయనిస్తారు. పైగా బండిలో పెట్రోలు పావు ట్యాంకుకు దిగితే జనరేటర్ ఆగిపోతుంది, మీరు దారిలో ఇరుక్కోకూడదని అలా పెడతారు. అందుకే గ్యాస్ మీద కుక్కర్.

మొదటి రెండు రోజులకు పులిహోర, చపాతీలు, కూర ఇంట్లోనే చేసుకుని వెళ్లండి. కొత్త బండిలో తొలిరోజే వంటంటే అందరికీ విసుగు. పోపు పెట్టేటప్పుడు ముందు పైకప్పు ఫ్యాన్ వేసి, కిటికీ తీసి, అప్పుడు ఎండుమిర్చి వేయండి. అంత చిన్న గదిలో పొగ అలారం నెత్తి మీదే ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి అది మోగితే పక్క సైట్లన్నీ లేస్తాయి. మోగుతోందని దాని బ్యాటరీ మాత్రం ఎన్నడూ పీకొద్దు. కింద నేలకు దగ్గరగా ఉండే గ్యాస్ అలారం మోగితే అది పోపు అనుకోవద్దు. పొయ్యి ఆపి, అందరూ దిగి, బయట సిలిండర్ వాల్వ్ కట్టేయాలి.

6. రోజూ కదిలే ముందు బండి చుట్టూ ఒక ప్రదక్షిణం.

కరెంటు వైరు తీశారా, నీళ్ల గొట్టం, మురుగు గొట్టం విప్పారా, మెట్టు లోపలికి మడిచారా, పైకప్పు కిటికీ మూశారా, చక్రాల అడ్డు తీశారా. లోపల ఫ్రిజ్ గడియ, అలమరల గడియలు, పొయ్యి మీద గిన్నె. ఒకరు చదవాలి, ఇంకొకరు ముట్టుకుని చెప్పాలి. చూసి చెప్పడం కాదు, ముట్టుకుని.

7. అనుకోకుండా ఆగడం.

అసలు ప్రయాణం ఇదే కాబట్టి నిదానంగా చెబుతాను.

దూరం నుంచే కుడి పక్క చూస్తూ ఉండండి. జాగా కనిపించగానే సిగ్నల్ వేసి వేగం తగ్గించండి. మూడు విషయాలు చూడండి: బండి మొత్తం, తోకతో సహా, రోడ్డు అంచు తెల్లగీతకు అవతల, జాగాలోనే పడుతుందా? వెనక్కి తీయకుండా ముందు నుంచే బయటికి రావచ్చా? కింద గట్టి నేలేనా? మూడింటికీ అవునంటేనే దిగండి. ఒక్కదానికి అనుమానం వచ్చినా వదిలేయండి.

దాటిపోయారా, పోయింది. వెనక్కి తీయొద్దు, యూటర్న్ కొట్టొద్దు. ఇంకో రెండు మైళ్లలో అంత అందమైనదే మరొకటి వస్తుంది, ఈ తీరం అలాంటిది.

ఇంకో మాట. రెండు లైన్ల రోడ్డు మీద మీ వెనక అయిదు గానీ అంతకంటే ఎక్కువ గానీ బండ్లు చేరితే, వచ్చే టర్నౌట్‌లో (రోడ్డు పక్కన బండి తీసుకునే జాగాలో) పక్కకు తీసి దారి ఇవ్వాలని కాలిఫోర్నియా చట్టమే చెబుతోంది. దీన్ని టెన్షన్‌గా తీసుకోకండి. అలా పక్కకు తీసిన చోటే రెండు నిమిషాలు దిగి నిలబడండి. మాకు తిమింగలం నీళ్లు చిమ్మడం కనిపించింది అలాంటి చోటే. పేరు లేదు, బోర్డు లేదు, మూడు కార్లు పట్టే మట్టి జాగా.

ఆపాక గేరు పార్క్‌లో వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, అప్పుడు అందరినీ దించండి. ఆర్వీ తలుపు కుడి పక్కన ఉంటుంది కాబట్టి బండ్లు పోయే వైపు దిగరు. కానీ కొండ అంచు అటే ఉంటుంది. పిల్లల చెయ్యి పట్టుకున్నాకే తలుపు తీయాలి.

నాలుగింటి నియమం: సాయంత్రం 4 కొట్టిందంటే కొత్తగా ఎక్కడా ఆగకండి, నేరుగా క్యాంప్‌గ్రౌండ్‌కే. వెలుతురు ఉండగా చేరితే బండి పెట్టడం పది నిమిషాల పని. చీకటిపడ్డాక చేరితే అదే గంట పట్టి, పైగా ఆలుమగల మధ్య గొడవ.

ఆర్వీతో హాయిగా ఆగదగ్గ చోట్లు: పిజన్ పాయింట్ లైట్‌హౌస్ దగ్గర. 1872 నాటిది, 115 అడుగుల ఎత్తు. డేవన్‌పోర్ట్ చుట్టుపక్కల స్ట్రాబెర్రీలు అమ్మే పొలాలు. మాస్ లాండింగ్‌లో నీటి మీద వెల్లకిలా తేలే సీ ఆటర్లు (సముద్రపు నీటికుక్కలు). కార్మెల్ దాటాక గరపాటా స్టేట్ పార్క్ పొడుగునా రోడ్డు పక్కనే జాగాలు ఉంటాయి, వారం మధ్యలో పొద్దున్నే వెళితే ఖాళీ. శాన్ సిమియోన్‌కు ఉత్తరంగా పియెద్రాస్ బ్లాంకాస్ దగ్గర ఎలిఫెంట్ సీల్స్ అనే భారీ సముద్ర జంతువులు. పార్కింగ్ పెద్దది, టికెట్ లేదు, పెద్దవాళ్లు కూడా చెక్క బాట మీద నిలబడి చూడొచ్చు. జనవరి చివరలో వెళితే పిల్లలు పుట్టే కాలం. ఏడాదిలో ఎప్పుడు వెళ్లినా కొన్నయినా ఉంటాయి. దగ్గరికి వెళ్లేముందే వాసన, గుర్రు తెలుస్తాయి.

ఆగొద్దన్న చోట్లు: 1932లో కట్టిన బిక్స్‌బీ వంతెన ఫొటో కోసం అందరూ ఉత్తరం వైపే ఆపుతారు, ఆర్వీకి అక్కడ చోటు దొరకదు. వంతెన దాటి కొంచెం పైకి వెళితే హరికేన్ పాయింట్ వస్తుంది. అక్కడి నుంచి వెనక్కి చూస్తే వంతెన మొత్తం కనిపిస్తుంది. పేరుకు తగ్గట్టే గాలి, తలుపు చేత్తో పట్టుకుని తీయండి, లేకపోతే విరుగుతుంది. ఫైఫర్ బీచ్ రోడ్డులోకి ఆర్వీలను రానివ్వరు. మక్‌వే జలపాతం దగ్గర పార్కింగ్ ఇరుకు, పొద్దున తొమ్మిదిలోపు అయితేనే ప్రయత్నించండి.

బిగ్ సర్ రోజు మాత్రం మామూలు లెక్క వేరు. లగూనా సెకా నుంచి శాన్ సిమియోన్ సుమారు 100 మైళ్లు. పొద్దున ఎనిమిదికల్లా కదలాలి. కార్మెల్ దాటకముందే పెట్రోలు నింపుకోండి, లోపల బంకులు తక్కువ, ధర బాగా ఎక్కువ. ఆర్వీ గాలను‌కు 8 నుంచి 10 మైళ్లే ఇస్తుంది.

8. నీళ్ల దగ్గర.

బంగాళాఖాతం అలవాటున్న మనవాళ్లకు ఇది తప్పక చెప్పాలి. పసిఫిక్ ఇక్కడ ఎండాకాలంలో కూడా ఒళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటుంది. కాసేపు ప్రశాంతంగా ఉండి, హఠాత్తుగా ఒక పెద్ద కెరటం చాలా లోపలికి వచ్చి మనుషుల్ని లాక్కుపోతుంది. సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగొద్దు. తడి రాళ్ల మీదికి ఎక్కొద్దు, అవి తడిగా ఉన్నాయంటే కెరటం అక్కడిదాకా వచ్చిందనే. బాటల పక్కన మూడేసి ఆకుల గుత్తులుండే పాయిజన్ ఓక్ పొదలుంటాయి, తాకితే రోజుల తరబడి దద్దుర్లు.

మా మావయ్యగారిది భీమిలి. శాన్ సిమియోన్‌లో ఒక సాయంత్రం బండి పెట్టేసి, అందరం ఒడ్డుకు నడిచి వెళ్లాం. అన్నం చల్లారిపోతోందని ఎంత పిలిచినా ఆయన కదల్లేదు. పూర్తిగా చీకటి పడ్డాక వచ్చి, “పుట్టి బుద్ధెరిగాక పొద్దు సముద్రంలోంచి పైకి రావడమే చూశానురా, అందులోకి దిగడం ఇదే చూడటం” అన్నారు. క్యాంప్‌గ్రౌండ్‌కు వెలుతురుండగానే చేరమన్నది ఇందుకు కూడా.

9. క్యాంప్‌గ్రౌండ్లో బండి పెట్టడం.

ముందు బండి సమంగా ఉందో చూడండి. బల్ల మీద పళ్లెంలో నీళ్లు పోస్తే ఎటు వాలిందో తెలిసిపోతుంది. వాలిన వైపు చక్రం కింద దిమ్మె పెట్టి, దాని మీదికి ఎక్కించండి. గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ వాలుగా ఉంటే సరిగ్గా చల్లబడదు, పెరుగు పులిసిపోతుంది. తర్వాత చక్రాలకు అడ్డు. ఆ తర్వాతే కరెంటు, నీళ్లు. కరెంటు పెట్టెలో ముందు బ్రేకర్ ఆపి, వైరు గుచ్చి, అప్పుడు బ్రేకర్ వేయండి.

10. ట్యాంకులు.

ఎవరూ అడగడానికి ఇష్టపడరు, కానీ అందరూ ఇబ్బంది పడేది ఇక్కడే. బండి కింద మూడు ట్యాంకులు ఉంటాయి. ఒకటి మంచినీళ్లది. రెండోది గ్రే, అంటే సింకు, స్నానం నీళ్లు. మూడోది బ్లాక్, టాయిలెట్‌ది.

మన ఇళ్లలో టాయిలెట్లో నీళ్లు వాడతాం. చెంబుడు నీళ్లు పోస్తే బ్లాక్ ట్యాంకు అనుకున్నదానికంటే త్వరగా నిండుతుంది. ఆరుగురుంటే రెండో రోజుకే. అలాగని పెద్దవాళ్లను ఇబ్బంది పెట్టకండి. చిన్న మగ్గు పెట్టండి, క్యాంప్‌గ్రౌండ్లో ఉన్నంతసేపు బయటి రెస్ట్‌రూమ్ వాడండి, రెండు రోజులకోసారి తప్పకుండా ఖాళీ చేయండి. నీళ్లు వాడటం వల్ల ఒక మేలు కూడా ఉంది: ట్యాంకులో గట్టిపడకుండా ఉంటుంది. వెట్ వైప్స్ మాత్రం ఒక్కటి కూడా వేయొద్దు, పొట్లం మీద ఏమి రాసి ఉన్నా సరే.

సింకులో సాంబారు, నూనె, గంజి పోయొద్దు. గిన్నెలు ముందు కాగితంతో తుడిచి, అప్పుడు కడగండి. గ్రే ట్యాంకులో పులిసిన గంజి వాసన బ్లాక్ ట్యాంకును మించిపోతుంది.

ఖాళీ చేసే వరుస ఇది. డంప్ స్టేషన్‌లో, అంటే ట్యాంకులు ఖాళీ చేసే చోట, తొడుగులు వేసుకోండి. మురుగు గొట్టం ముందు బండికి బిగించి, రెండో కొస నేలలోని రంధ్రంలో గట్టిగా కూర్చోబెట్టి, మీద రాయో దిమ్మో పెట్టండి. ముందు బ్లాక్ వాల్వ్ తీయండి. శబ్దం పూర్తిగా ఆగాక మూసి, అప్పుడు గ్రే తీయండి. గ్రే నీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి. రెండూ మూశాక గొట్టం విప్పి, అక్కడ ఉండే నీళ్లతో కడగండి. ఆ నీళ్ల గొట్టాన్ని మంచినీళ్ల ట్యాంకుకు ఎన్నడూ పెట్టొద్దు. చివరగా టాయిలెట్లో రెండు మూడు మగ్గుల నీళ్లు, మందు వేయండి.

పూర్తి కనెక్షన్ (కరెంటు, నీళ్లు, మురుగు) ఉన్న సైటులో కొందరు బ్లాక్ వాల్వ్ తీసే ఉంచేస్తారు, ఎలాగూ పోతుంది కదా అని. అలా చేస్తే నీళ్లు పోయి, మిగతాది లోపల గుట్టగా గట్టిపడిపోతుంది. ఎప్పుడూ మూసే ఉంచండి, సగం పైగా నిండాకే తీయండి.

మళ్లీ మళ్లీ చూసే తప్పులు

ఎక్కువమంది పెద్ద బండి తీసుకుంటారు, ‘అందరం హాయిగా ఉంటాం’ అని. 32 అడుగుల బండితో ఒక కుటుంబం గరపాటాలో ఆగే జాగా వెతకడం చూశాను. పాపం, అయిదు చోట్ల వదిలేసుకుని వెళ్లిపోయారు.

తర్వాతిది, ఒకే రోజు రెండు పెద్ద చోట్లు పెట్టుకోవడం. మాంటెరీ అక్వేరియం, అదే రోజు బిగ్ సర్ అంటే కుదరదు. అక్వేరియం చూడాలంటే ఆ రోజు అదొక్కటే.

ఇంకొకటి, చోటు దొరక్కపోతే రెస్ట్ ఏరియాలో పడుకుంటాం అనుకోవడం. కాలిఫోర్నియాలో రెస్ట్ ఏరియాలో 24 గంటల్లో 8 గంటలు ఆగనిస్తారు, అది అలసిన డ్రైవర్ల కోసం. కుర్చీలు వేసుకుని వంట చేయడానికి కాదు. హైవే 1 మీద బిగ్ సర్‌లో అలాంటివి దొరకవు, 101 మీదికి రావాలి. నిజంగా రాత్రి చోటు లేకపోతే అదే దారి, కానీ చీకటి పడకముందే నిర్ణయించుకోండి.

అంతా సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

బండి నడుస్తుంటే లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తే గడియ ఏదో పడలేదు, వచ్చే టర్నౌట్‌లో ఆపి చూడండి. ఆపి దిగాక రోడ్డు వైపు నుంచి చూడండి, తెల్లగీతకూ బండికీ మధ్య ఖాళీ కనిపించాలి. ఫ్రిజ్‌లో చిన్న థర్మామీటర్ పెట్టండి, 40 ఫారెన్‌హీట్ దాటకూడదు. దాటితే బండి వాలుగా ఉంది, లేదా గ్యాస్‌కు మారలేదు. బ్లాక్ ట్యాంకు మీటర్లు తరచూ తప్పు చూపిస్తాయి. టాయిలెట్ పెడల్ తొక్కి టార్చి వేసి చూడటమే నిజం. లోపల వాసన వస్తుంటే ట్యాంకులో నీళ్లు తక్కువయ్యాయని, రెండు మగ్గులు పోసి చూడండి.

రోజు సరిగ్గా గడిచిందనడానికి మా ఇంట్లో గుర్తు ఒకటే: సాయంత్రం అయిదింటికి చక్రాలకు అడ్డు పెట్టేసి ఉండాలి, టీ పొయ్యి మీద ఉండాలి, ఆ రోజు ఆగిన చోట్లలో కనీసం ఒకదాని పేరు ఎవరికీ తెలియకూడదు.

బండి తిరిగి ఇచ్చే రోజు

పిస్మో నుంచి కదిలే ముందే గ్రే, బ్లాక్ రెండు ట్యాంకులూ ఖాళీ చేసేయండి. నిండుగా తెస్తే అద్దె వాళ్లు అదనంగా వసూలు చేస్తారు. పెట్రోలు, గ్యాస్ తీసుకున్నంతకే నింపండి. బంకులోకి వెళ్లేముందు పొయ్యి, ఫ్రిజ్, గీజర్ అన్నిటి గ్యాసూ ఆపేయాలి. 101 మీద శాన్ హోజే దాకా సుమారు 200 మైళ్లు, భోజనానికి ఆగినా అయిదు గంటల్లో చేరతారు. అప్పగించే ముందు లోపలా బయటా మళ్లీ ఫొటోలు తీయండి, డ్రైవర్ నెత్తి మీది మంచం కింద, ఫ్రిజ్ తలుపు అరల్లో ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. అత్తయ్యగారి కళ్లజోడు, ఆవకాయ సీసా, రెండూ మాకు దొరికింది అక్కడే.